ఎదిగే పిల్లకి ఆరడుగుల కర్ర

మా చిన్నప్పుడు... ఆయర్లండ్ దేశపు ఊరు క్లాండాల్కిన్‌లో మా బడి హాల్లో, ఒక శనివారం పొద్దున, నేల మీద వరసగా పరిచి పెట్టారు. ఐదడుగుల జెండా కర్రలు... ఆరడుగుల జెండా కర్రలు... తెల్ల రంగు వేసిన చెక్క తుపాకులు.

మార్చిలో ఆ దేశపు పెద్ద పండగ, సెయింట్ పాట్రిక్స్ డే ఊరేగింపు. మా బడి బ్యాండు ముందు అవి తిప్పుతూ నడిచే పిల్లల జట్టుని కలర్ గార్డ్ అనేవారు. ఎవరిది వాళ్లు ఎంచుకోవాలి. ఎంచుకున్నదానికి పేరు రాసి అంటిస్తారు. ఊరేగింపు దాకా అదే.

నాకు పదకొండేళ్లు. మేం ఆయర్లండ్ వచ్చి రెండేళ్లు. పేపర్ల నిండా కెల్టిక్ టైగర్ అని, దేశం పులిలా ఎదుగుతోందన్న రాతలు, ఊరి నిండా క్రేన్లు... అమ్మ పిల్లల వార్డులో నర్సు. ఆ రోజు డ్యూటీకి వెళ్తూ యూనిఫాం మీదే వచ్చింది.

నేను ముందు తుపాకీ ఎత్తాను.

"బొమ్మదైనా సరే, కింద పెట్టవే. మన చర్చి పాస్టరమ్మగారు చూస్తే ఏమంటారు?" అంది అమ్మ.

సరే, జెండా. మా టీచరు మిస్ ఓర్లా కొలత చెప్పింది. కర్ర పక్కన నిలబడితే, అది తలకంటే జానెడు మించకూడదు. ఐదడుగులది నాకు సరిగ్గా కుదిరింది. ఆరడుగులది తల మీద మూరెడు లేచింది.

అమ్మ ఆరడుగులది తీసి నా చేతికిచ్చింది.

ఇందులో వింతేం లేదు. నా కోటు చేతులు వేళ్లని దాటేవి. నా బూట్ల ముందు భాగంలో దూది ఉండేది. మా ఇంట్లో నాకు సరిపోయే వస్తువు కొనడం అంటే వృథా అని లెక్క.

"షీ విల్ గ్రో," అంది అమ్మ.

"షీ విల్, ష్యూర్... బట్ బై మార్చ్?" అంది మిస్ ఓర్లా.

అమ్మ నవ్వలేదు. కర్రకి నా పేరు అంటించారు.

మూడు వారాల్లో పరీక్ష. ఇరవైసార్లు తిప్పాలి. మూడుసార్లకు మించి జారిందా, తిప్పే వరసలో చోటు లేదు. బ్యాండు వెనక బ్యానర్ పట్టుకుని నడవాలి. ఆ బడిలో నన్ను అందరూ "కొత్త పిల్ల" అనేవారు, రెండేళ్ల తర్వాత కూడా. నాకు ముందు వరసే కావాలి.

మా పెరట్లో సాధన మొదలుపెట్టాను. చేయి కాస్త దిగితే చాలు, కర్ర కింది కొన నేలకి తగిలేది. పట్టు జారేది. పక్కింటి అమ్మాయి నీవ్, నా తరగతే, మా జట్టే, గోడ మీంచి చూసి అంది. "ఆ కర్రకి జెండా ఎందుకు? నువ్వే వేలాడితే సరిపోతుంది!"

అమ్మతో చెప్పాను... కష్టంగా ఉంది, చాలా బరువుగా ఉంది, చేతులు నొప్పిగా ఉన్నాయి అని.

"అలవాటవుతుందిలే. బూట్లు అలవాటు కాలేదా?"

అప్పుడు ఒక నోటుబుక్కు తీశాను. నీవ్ దగ్గర ఐదడుగుల కర్ర అడిగి తెచ్చి, రెండూ ఇరవయ్యేసిసార్లు తిప్పాను. మూడు రోజులు అదే పని. పొడుగుది జారినవి... పదకొండు, పన్నెండు, పదకొండు. పొట్టిది... మూడు, రెండు, రెండు. గీతలు గీసి, అమ్మ వార్డులో రాసే చార్టులా రాసి, వంటింటి బల్ల మీద ఆమె టీ పక్కన పెట్టాను.

అమ్మ చార్టుని చార్టులాగే చదివింది. వేలు పెట్టి, వరస వరసా.

అప్పుడు అడిగాను. "మీ వార్డులో కాలు విరిగిన పిల్లలకి... ఎదుగుతారులే అని పెద్ద ఊతకర్రలు ఇస్తావా?"

"అమ్మో! పడిపోరూ?"

అనేసింది. మళ్లీ చార్టుని దగ్గరికి లాక్కుంది. టీ చల్లారిపోయింది.

సోమవారం పొద్దున బడికి నాతో వచ్చింది. మిస్ ఓర్లాతో "మై మిస్టేక్" అంది. అమ్మ నోట ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి.

ఐదడుగులవి అన్నీ అయిపోయాయి. ఒక్కటే మిగిలింది. కింది కొనకి రబ్బరు మూత లేదని ఎవరూ తీసుకోలేదు. మూత లేకపోతే ఒక వైపు తేలికై, తిరిగేటప్పుడు వంకరగా పోతుంది.

అమ్మ మర్నాడు వార్డులో అడిగి, పారేసే ఊతకర్ర అడుగున ఉండే నల్ల రబ్బరు తొడుగు తెచ్చింది. తొడిగితే బిగుతుగా కూర్చుంది. కర్రని వేలి మీద అడ్డంగా నిలబెట్టి, అటూ ఇటూ జరిపి, ఒరగకుండా ఆగిన చోట తెల్ల టేపు చుట్టింది. "ఇక్కడ పట్టుకో."

పరీక్షలో రెండుసార్లు జారింది. వరసలో చోటు దొరికింది.

ఊరేగింపు రోజు గాలి. అమ్మ కాలిబాట మీద జనాన్ని తోసుకుంటూ, నా కర్రనే చూస్తూ మాతోపాటే చివరిదాకా నడిచింది. అయిపోయాక దగ్గరికి వచ్చి ఒకే మాట చెప్పింది. "సున్నా."

అప్పటినుంచి ఇప్పటిదాకా, ఇన్నేళ్ల పేపరు విలేకరి ఉద్యోగంలో, ఎవరైనా "చాలా" అంటే "ఎన్ని?" అని అడుగుతూనే ఉన్నాను.

ఆ ఆరడుగుల కర్రకి సరిపడా మాత్రం నేను ఎదగలేదు. ఐదడుగుల రెండంగుళాల దగ్గర ఆగిపోయాను. ఇప్పుడు కొలిచినా జానెడు మీద అంగుళం ఎక్కువే.

మొన్న మా అమ్మాయి బడి బట్టలు ఫోన్లో కొన్నాను. ఎత్తు కొడితే సరైన సైజు అదే చూపించింది. వచ్చినవన్నీ అచ్చంగా సరిపోయాయి. వచ్చే ఏడాది మళ్లీ కొంటాం... మా ఇంట్లో ఇప్పుడు, పిల్ల ఎదిగేదాకా కాచుకుని ఉండే వస్తువు ఒక్కటీ లేదు.

మీకు ఇంట్లో వాళ్లు పెద్ద సైజులో కొన్నదేమిటి? చివరికి అది మీకు సరిపోయిందా... లేక నాలాగే, ఇంకా జానెడు మిగిలిందా?