‘అంట’ అంటే పడని సారు

మా సారు పోయారని ఆళ్లగడ్డ నుంచి చిన్నప్పటి స్నేహితురాలు ఫోన్ చేసింది. "సారు పోయినాడు మే. పొద్దున్నే మిద్దె మింద నుంచి పడినాడంట." నేను నంద్యాలలో బస్సెక్కి కూర్చునేలోపు మళ్లీ ఫోన్. ఈసారి మాట మారింది. "దూకినాడంట." ఎవరన్నారే అని అడిగితే, "అందరూ అంటాండారు" అంది.

నాకు ఒళ్లు మండింది. బతికున్నన్నాళ్లూ ఆయనకు ఆ ‘అంట’ అంటేనే పడేది కాదు. చివరికి ఆయన చావుకే దాన్ని తగిలించారు. ఊరి నోటికి మూత ఎవరు పెడతారు!

హైస్కూల్లో ఆయన మాకు భౌతికశాస్త్రం చెప్పారు. నేనిప్పుడు నంద్యాల పిల్లలకు చెప్పేదీ అదే. పైనుంచి కింద పడే వస్తువుల లెక్కలంటే ఆయనకు ప్రాణం. బావిలో రాయి వేస్తే రెండు సెకన్లకు నీళ్లను తాకింది, లోతెంత అని ఒకసారి అడిగారు. నేను గబగబా తొలి వేగం సున్నా అని రాసేశాను.

"సున్నా అని నీకెవురు చెప్పినారు మ్మే?"

"అట్లనే రాయల్లంట సార్."

"అంట! ఎవురన్నారు? బావి అనిందా, రాయి అనిందా? ‘వేస్తే’ అనుండాది ఈడ. ఇడిసినాడా, ఇసిరినాడా? ఇడిస్తే సున్నా. ఇసిరితే యాడ సున్నా?"

ఆ లెక్క రెండు రకాలుగా చేయించి గానీ వదల్లేదు. జవాబు పుస్తకం వెనక పేజీతో సరిపోయిందని సంబరపడితే దానికీ చీవాట్లే. "నీకు కావాల్సిన జవాబే వచ్చిందంటే ఇంగోసారి చెయ్," అనేవారు.

ఇంట్లోనూ అదే వరస. పాలు పోయించుకునే ముందు గోటి మీద చుక్క నిలబెట్టి చూసేవారు. బస్సు బోర్డు చదివి, కండక్టర్ని అడిగి, ఎక్కి కూర్చున్నాక పక్కాయన్ని కూడా "అప్పా, ఇది నంద్యాలకేనా?" అని అడిగేవారు. ఆయన భార్యను మేమంతా అమ్మా అనే పిలిచేవాళ్లం. ఆమె నవ్వుతూ చెప్పేది: "చర్చిలో పెండ్లినాడు నా ముసుగు ఎత్తి చూసినాడు మ్మా, మాట్లాడుకున్న పిల్లేనా అని!"

నేను వెళ్లేసరికి ఆయన్ని వసారాలో పడుకోబెట్టారు. చర్చి సంఘ పెద్ద ఒకాయన అరుగు మీద కూర్చుని, గొంతు తగ్గించి అమ్మతో అంటున్నారు. "దూకినాడంటాండారు గదమ్మా. తానే పానం తీసుకున్నోళ్లకు మన సమాధుల తోటలో చోటియ్యాలంటే సంఘంలో మాట్లాడుకోవల్ల." అమ్మ ఏడవడం కూడా మానేసి ఆయన నోటి వైపే చూస్తోంది. సారు తల్లీతండ్రీ ఆ తోటలోనే ఉన్నారు.

నేను పెరట్లోకి వెళ్లాను. ఆయన పడింది గోడ మొదట్లోనే, బట్టలుతికే బండ దగ్గర; నెత్తుటి మరక ఇంకా ఉంది. దూకినవాళ్లు గోడకు దూరంగా పడతారు, జారినవాళ్లు పక్కనే పడతారు. అమ్మయ్య అనుకున్నాను. అంతలోనే అనుమానం పట్టుకుంది. ఇది నాకు కావాల్సిన జవాబు. మెల్లగా అడుగు బయటపెట్టినా గోడ పక్కనే పడతారు కదా? సారైతే ఈ లెక్క కొట్టేసేవారు. మళ్లీ వెతికాను. బండ పక్కన ఒక ఇటుక, రెండు ముక్కలై కనిపించింది.

మిద్దె ఎక్కాను. తెల్లవారుజామున పడిన అకాల వానకు నేలంతా తడిగా ఉంది. ఏడాది కారానికి ఎండబెట్టిన మిరపకాయల మీద టార్పాలిన్ పట్ట కప్పి ఉంది. మూడు మూలలా ఇటుకలున్నాయి. నాలుగో మూల, పిట్టగోడ లేని అంచు దగ్గర, పట్ట గాలికి లేచి కొట్టుకుంటోంది.

కిందికొచ్చి, "పెద్దాయనా, వాళ్లన్నారూ వీళ్లన్నారూ వద్దు. మీరే పైకొచ్చి చూడండి," అన్నాను. గొంతు కొంచెం లేచింది. లేవనీ!

ఆయన మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కారు. పట్టను చూశారు, ఇటుకలను చూశారు, అంచు దాకా వెళ్లి కిందికి తొంగిచూశారు. "సచ్చేటోడు మిరపకాయలు తడుస్తాయని ఇటుక మోసుకొస్తాడా," అని తనలో తానే అనుకున్నారు. తర్వాత అక్కణ్నుంచే వీధిలోకి కేకేశారు. "ఏమప్పా, గుంత తీయించండి. వాళ్ల నాయన పక్కనే."

అప్పుడు ఏడ్చింది అమ్మ. నేనూ ఆమెను పట్టుకుని ఏడ్చాను. ఊరంతా నమ్మిందని చెప్పను. ఆయనకు దక్కాల్సిన చోటు మాత్రం ఆయనకు దక్కింది.

సమాధుల తోట నుంచి వచ్చేసరికి ఎండ కాసింది. ఎవరు వద్దన్నా వినకుండా అమ్మ మిద్దె ఎక్కింది. నేనూ వెంట వెళ్లాను. ఆమె పట్ట మొత్తం లాగేసి, మిరపకాయల్ని చేత్తో తిరగేసింది. ఆ ఒక్క మూల తప్ప ఎక్కడా తడవలేదు. గుప్పెడు కాయలు తీసి, ఎండాయో లేదోనని చెవి దగ్గర ఆడించింది. లోపల గింజలు గలగలమన్నాయి. కళ్లు మూసుకుని, ఆమె ఇంకా ఆడిస్తూనే ఉంది.