రెండు తలుపుల కారు ఇచ్చేసిన సంగతి

“ఆ జపాను బండి వేసుకుని మా ఫ్యాక్టరీ గేటులోకి పోతే నా యుటిలిటీ పని పోతుంది. ఎన్నిసార్లు చెప్పాలి మీకు?” అన్నాను.

“కారు చూసి పనిలోంచి తీసేస్తారా ఎక్కడైనా? నువ్వు కుట్టేది సీట్లు. వాళ్ళు చూసేది కుట్టు,” అన్నారు మా ఆయన.

“తీసేస్తారని నేనన్నానా? పోతుందన్నాను.”

“ఫాయిల్ కాగితం కడిగి ఆరేసి మళ్ళీ వాడే మనిషివి. కారులో పోసే గ్యాస్ దగ్గరకొచ్చేసరికి జమీందారు కూతురివైపోతావేం రాహేలూ?”

ఇది 1981 వేసవిలో, అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా వంటింట్లో జరిగిన మాట. కార్ల సీట్లకు తొడుగులు కుట్టే ఫ్యాక్టరీలో నేను చేరి అప్పటికి మూడేళ్ళు. చదివింది మూడో తరగతి. కుట్టు మాత్రం మా ఊరి క్రైస్తవ మిషన్ కాంపౌండులో దొరసానుల దగ్గర నేర్చుకున్నాను. సీట్లకు వాడే వినైల్ మీద సూది ఒకసారి దిగితే ఆ రంధ్రం పూడదు. తప్పు కుట్టామంటే ఆ ముక్క పారేయవలసిందే.

మొదట అందరూ ఆపరేటర్లే. రోజంతా ఒకే మిషన్, ఒకే కుట్టు. ఆపైన యుటిలిటీ. లైనులో ఎవరు లేచినా వాళ్ళ మిషన్ మీద కూర్చుని పని ఆగకుండా చూసే మనిషి. అన్ని కుట్లూ వచ్చి ఉండాలి. రెండేళ్ళకు నాకు ఆ పని ఇచ్చారు. పేరుకు ఇచ్చేది ఫోర్‌మన్. నిజానికి ఇచ్చేది లైనులో ఉన్న పద్నాలుగు మంది ఆడవాళ్ళు. తన మిషన్ మీద ఎవరు కూర్చోవచ్చో ఎవరికి వాళ్ళే తేల్చుకుంటారు.

ఇక కారు. గ్యాస్‌కు అంటే పెట్రోలుకు కరువొచ్చిన ఏడు పెద్ద ఇంజను కార్లను అడిగేవాళ్ళు లేరు. వాటిని మజిల్ కార్లు అనేవాళ్ళు. పని పోయి టెక్సాస్ వెళ్ళిపోతున్న మా కటింగ్ మేస్త్రీ దగ్గర ఒకటి దాదాపు ఊరికే వచ్చింది. చౌకని కొన్నాను, నచ్చి ఉంచుకున్నాను. ముదురాకుపచ్చ రంగు, రెండు తలుపులు, ఎనిమిది సిలిండర్లు. నేను ఐదడుగులు కూడా ఉండను. కింద దిండు వేసుకుని నడిపేదాన్ని. గ్యాస్ పెడల్ తొక్కితే ముందు వీపుకు తెలిసేది, తర్వాత చెవికి. చిరిగిన సీట్లకు నేనే తొడుగులు కుట్టాను. దేన్నీ ముద్దు చేసే మనిషిని కాను, పిల్లల్ని కూడా. దాన్ని చేశాను.

ఆ వసంతంలో మా ఆయన్ని తెలుగు ప్రార్థన కూడికకు సంఘ పెద్దగా పెట్టారు. ఆదివారం ముసలివాళ్ళను తీసుకురావడం ఆయన వంతు. రెండు తలుపుల కారులో వెనక కూర్చోవాలంటే ముందు సీటు మడిచి దూరాలి. సుగుణమ్మ ఆంటీ కుచ్చిళ్ళు తట్టుకుని సగంలో ఇరుక్కుపోయింది. “ఇది కారా నాయనా, కోళ్ళ గంపా?” అంది. అందరూ నవ్వారు. మా ఆయన నవ్వలేదు. నాలుగు తలుపుల జపాను కారు చూసి వచ్చారు.

నాలుగు తలుపులే కావాలంటే ఇక్కడి కారే కొనమన్నాను. అదీ గ్యాస్ తాగేదేనన్నారు. మా లైనులో అప్పుడు దాదాపు ప్రతి ఇంట్లో ఒక మగవాడు పని పోయి కూర్చున్నాడు. జపాను కార్ల వల్లే పోయిందని వాళ్ళ కోపం. అలాంటి కారు వస్తే గేటు గార్డు వెనక పార్కింగ్ లాటుకు పంపేవాడు. రాసిపెట్టిన రూలు కాదు. ఆ సంగతి చెప్తే, “కారుకు కూడా కులం ఉంటుందా?” అన్నారు.

“ఇక్కడ ఉంది,” అన్నాను.

“ఇరవై ఏళ్ళుగా నువ్వు చెప్పిన పొదుపే కదా నేను చేస్తున్నది?”

కారు నా పేరు మీద ఉంది. ఆ సాయంత్రమే డీలరు బల్ల మీద, దాన్ని ఇచ్చేసి జపాను కారు తీసుకునే కాగితాలకు సంతకం పెట్టాను. ఏది పొదుపో, ఏది దండగో పనిచేసే చోట తేలుతుంది, వంటింట్లో కాదు. అది నాకు తెలిసీ పెట్టాను. తప్పు ఆయనది సగమే.

మర్నాడు ఆరింటి షిఫ్టు. రోజూ పేరు పెట్టి పలకరించే గార్డు జపాను కారు చూసి వేలితో వెనక లాటు చూపించాడు. లైను మొదలైంది. బాత్రూమ్‌కు వెళ్ళాలంటే చెయ్యెత్తాలి. ఎనిమిది దాకా ఎవరూ ఎత్తలేదు. ఎనిమిదింటికి డోరతి ఎత్తింది. రెండేళ్ళు నా పక్క మిషన్ మీద కుట్టిన మనిషి. నేను దగ్గరకు వెళ్ళేసరికి చెయ్యి దించేసి, పక్క లైను యుటిలిటీ అమ్మాయిని కేకేసింది. ఆ అమ్మాయి వచ్చి డోరతి కుర్చీలో కూర్చుంది. పదింటికి ఫోర్‌మన్ నన్ను ఖాళీగా ఉన్న ఒక మిషన్ దగ్గరకు పంపాడు. హెడ్‌రెస్ట్ అంచు కుట్టే పని. మళ్ళీ ఒకే మిషన్, ఒకే కుట్టు. కూర్చుని కుట్టాను.