గాలి ముఖం తిప్పుకున్న శుక్రవారం

జగ్గారావు ఉద్యోగం పికప్ బండి నడపడం. వృత్తి వేరే. బహ్రెయిన్‌లోని మహూజ్‌లో ఒక చిన్న మరమ్మతుల కంపెనీ తాపీ పనివాళ్లను, వాళ్ల సామాన్లను పొద్దున్నే పనిచోటికి చేర్చి సాయంత్రం గదులకు తేవడం ఉద్యోగం. మబ్బు కనబడితే దాని వెంటపడడం వృత్తి. ఈ రెండోదానికి ఆయన్ని ఎవరూ నియమించలేదు, జీతమిస్తామనలేదు, వద్దనీ అనలేదు. లోకంలో పెద్ద పదవులు చాలావరకు ఇలాగే భర్తీ అవుతుంటాయి.

బహ్రెయిన్‌లో వాన మన వైపు మంత్రిగారి పర్యటన లాంటిది. ఎప్పుడో వస్తుంది. వచ్చిందంటే రోడ్లన్నీ ఆగిపోతాయి. వెళ్లాక కొన్నాళ్లు బురద. మిగతా కాలమంతా ఎండ, ఉక్క, దుమ్ము. అలాంటి దేశంలో గాలివానను వెతుక్కుంటూ తిరగాలంటే అపారమైన ఓపికైనా ఉండాలి, శుక్రవారం సెలవైనా ఉండాలి. జగ్గారావుకు రెండూ ఉన్నాయి.

తీసిన వీడియోలను తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. కోనసీమ వాళ్లు, జగిత్యాల వైపు వాళ్లు, అందరూ కలిసి దండాల బొమ్మలు పంపేవారు. క్రమంగా ఆ దండాలు ఆయన్ని వాతావరణ శాఖను చేశాయి. "రేపు డాబా మీద బట్టలారేయొచ్చా అన్నా?" అని ఎవరైనా అడిగితే, జగ్గారావు వీధి చివరిదాకా నడిచి, ఆకాశాన్ని నాలుగు వైపులా పరీక్షించి, గంభీరంగా జవాబిచ్చేవాడు: "మధ్యాహ్నం లోపు తీసెయ్యండి. ఆ తరవాత నా పూచీ లేదు."

ఈ శాఖను గౌరవించని మనిషి ఒక్కడే ఉండేవాడు, గదిలో పక్క మంచం సాయిబాబు. సీఫ్‌లో ఒక మాల్‌లో నేల తుడిచే పని అతనిది.

"మా మాల్‌లో ఏడాదంతా ఒకటే రుతువండి జగ్గారావుగారూ. అక్కడ తుఫానొస్తే ముందు నాకే కబురు పెడతారు, తుడుచుకోమని."

"నవ్వండి, నవ్వండి. గాలంటే ఏంటో మీరు చూడలేదు కాబట్టి నవ్వొస్తుంది."

జగ్గారావు చూశాడు. తొంభై ఆరు తుఫానునాడు ఆయన చిన్నపిల్లాడు. కోనసీమలో సముద్రానికి దగ్గర ఊరు. తాటాకు కప్పు లేచిపోగానే తల్లి నరసాయమ్మ పిల్లల్ని ఈడ్చుకుంటూ బడి దగ్గరికి చేరి, గోడ చాటున కూర్చోబెట్టింది. అర్ధరాత్రికి గాలి ఠక్కున ఆగిపోయింది. నక్షత్రాలు కూడా కనబడ్డాయట. జనం లేచి ఇళ్ల వైపు నడవబోయారు. నరసాయమ్మ మాత్రం కదలనివ్వలేదు.

"గాలి ఆగిందని సంబరపడకండ్రా. అది మొకం తిప్పుకుంటంది. లేవండి, గోడకి అటేపుకి నడవండి."

కాసేపటికి గాలి సరిగ్గా ఎదురు దిక్కు నుంచి వచ్చింది. వాళ్లు అంతకుముందు కూర్చున్న చోట కొబ్బరిచెట్లు వరసగా పడుకున్నాయి. ఆ రోజు నుంచి జగ్గారావుకు ఇద్దరే దేవుళ్లు: ఊళ్లో నరసింహస్వామి, ఇంట్లో నరసాయమ్మ.

ఈ శాఖలో రెండో ఉద్యోగి పేరు భూమేష్. జగిత్యాల వైపు నుంచి వచ్చిన గోడ మేస్త్రీ. సిమెంటు ఇటుకలు తాడు పట్టినట్టు తిన్నగా పేరుస్తాడని కంపెనీలో పేరు. విమానమెక్కేదాకా సముద్రం చూడనివాడు. అందుకని సముద్రం పక్కన పుట్టినవాడు ఏం చెప్పినా అతనికి శాసనమే. గాలికి జగ్గారావు ఒరిగిపోకుండా వెనకనుంచి చొక్కా పట్టుకోవడం, నీళ్ల సీసాలున్న సంచి మొయ్యడం, ఫోను మీద చినుకు పడకుండా గొడుగు పట్టడం అతని విధులు.

మొదట్లో ఒకసారి, సముద్రం మీద సుడి లేచినప్పుడు, భూమేష్ వెనకనుంచి "ఓ అవ్వా, గదేందన్నా" అన్నాడు. వీడియోలో సుడికంటే ఆ మాట బాగా వినబడింది. గ్రూపులో నెల్లాళ్లపాటు ఎవరికి ఏం కనబడినా, చివరికి మెస్సులో చేపల పులుసు కనబడినా, "ఓ అవ్వా, గదేందన్నా" అనేవారు. శాఖ పరువు పోయింది. అప్పుడు జగ్గారావు ఒక నియమం పెట్టాడు: ఆయన ఎడమచెయ్యి పైకెత్తితే రికార్డింగు నడుస్తోందని అర్థం, ఆ చెయ్యి దిగేదాకా వెనకున్నవాళ్లు నోరు మెదపకూడదు. భూమేష్ ఆ నియమాన్ని ఎన్నడూ తప్పలేదు. గోడైనా మాటైనా తిన్నగా ఉండాలని అతని పట్టుదల.

మొన్న ఎండలు ముదరబోయే ముందు ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆగ్నేయం నుంచి దుమ్ముగాలి మొదలైంది. పడమట, సౌదీ వైపు, మబ్బు కాటుకలా పేరుకుంది. జగ్గారావు ఆఫీసులో చెప్పకుండా బండి తాళం తీసుకున్నాడు. భూమేష్ పప్పన్నం ముందు కూర్చుని ఉన్నాడు.

"తినంగనె వస్త అన్నా."

"నువ్వు తినేదాకా మబ్బు ఆగదు తమ్ముడూ."

భూమేష్ కంచం మీద ఇంకో కంచం బోర్లించి లేచాడు.

దక్షిణాన అవాలి ఊరు దాటితే చెట్లు అయిపోతాయి. చమురు గొట్టాలు, ఇసుక, ఆకాశం మిగులుతాయి. ఇసుకలో చక్రాలు దిగబడతాయని బండిని తారురోడ్డు మీదే ఆపి నడిచారు. అక్కడ ఎవరో స్థలం చుట్టూ ప్రహరీ మొదలుపెట్టి వదిలేశారు. మనిషెత్తు దాటిన బోలు ఇటుకల గోడ ఒక్క వైపే పొడుగ్గా నిలబడి ఉంది. ఇద్దరూ గాలి తగలకుండా గోడకు వాయవ్యం వైపు, మబ్బుకు ఎదురుగా చేరారు. దుమ్ము తల మీదుగా పోతోంది. గోడ వెనక గాలి ఈల వేస్తోంది.

ఉన్నట్టుండి ఈల ఆగిపోయింది. దుమ్ము కిందికి దిగింది. భూమేష్ ముఖం తుడుచుకుని లేచాడు.

"గాలి బందైంది గదన్నా. పోదాం పా. బండిల కూసోని సూద్దాం."

"ఆగలేదు తమ్ముడూ. మొకం తిప్పుకుంటోంది. ఇప్పుడు ఇటేపు నుంచి వస్తది. మనం గోడకి అటేపు కూర్చోవాలి."

భూమేష్ అటు వెళ్లాడు గానీ వెంటనే కూర్చోలేదు. అరచెయ్యి గోడకు ఆనించి కొంచెం నెట్టి చూశాడు.

"కొత్త గోడన్నా ఇది. నడుమ పిల్లర్ ఎయ్యలే. ఇందాకటి గాలికే కదిలినట్టున్నది."

"మా అమ్మ మమ్మల్ని గోడ చాటునే బతికించిందిరా బాబూ."

భూమేష్ ఒక్క క్షణం గోడను చూశాడు. తరవాత ఆకాశాన్ని చూశాడు.

"నాకు గోడలెర్క. గాలి నీకెర్క," అని, సంచి ఒళ్లో పెట్టుకుని గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు.

గోడ చాటున కూర్చుంటే మబ్బు కనబడదు. వాతావరణ శాఖ అక్కడ కూర్చుంటే ఎలా? జగ్గారావు గోడ చివర దాటి బయటికి వెళ్లి ఫోను తీశాడు. మబ్బు అడుగునుంచి ఏనుగు తొండంలాంటిది ఒకటి వేలాడుతోంది. నెమ్మదిగా సాగుతోంది, వంకర తిరుగుతోంది, నేలను వాసన చూడబోతోంది. ఇన్నేళ్లుగా తిరిగింది దీనికోసమే. రికార్డింగు నొక్కాడు.

వెనకనుంచి "అన్నా" అన్న మాట వినబడింది. గట్టిగా కూడా అనలేదు.

జగ్గారావు వెనక్కి తిరగకుండానే ఎడమచెయ్యి పైకెత్తాడు.

మళ్లీ మాట రాలేదు. గాలి వచ్చింది. నరసాయమ్మ చెప్పినట్టే ముఖం తిప్పుకుని, సరిగ్గా ఎదురు దిక్కు నుంచి, ఒక్క పెట్టున వచ్చింది. జగ్గారావు మోకాళ్ల మీద కూలబడి కూడా ఫోను వదల్లేదు. తొండం నేలను తాకకుండానే పలచబడి మబ్బులోకి వెళ్లిపోయేదాకా తీశాడు. చెయ్యి దించాడు. వెనక్కి తిరిగి, "చూశావా?" అన్నాడు.

అక్కడ గోడ లేదు.

ఇటుకలను ఎలా తీశాడో ఆయనకు గుర్తులేదు. గొట్టాల దగ్గర కాపలా ఉన్న ఒక పెషావర్ మనిషి "రుకో భాయ్, మై ఆతా" అంటూ వానలో పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ కలిసి బండిలోకి ఎత్తారు. భూమేష్ స్పృహలోనే ఉన్నాడు. దారంతా నీళ్లు నిలిచిన రోడ్లు. ఆ నీళ్లలో మంత్రిగారి కారైనా కదలదు. ఆ పికప్ ఎలాగో కదిలింది. ఆసుపత్రివాళ్లు ప్రాణం నిలబెట్టారు. కుడికాలు మోకాలి కింద తీసేశారు.

గ్రూపులో అప్పటికే సందేశాలు: "అన్నా, ఇయ్యాల్టి వీడియో ఏది?" చివరికి సాయిబాబు జవాబు పెట్టాడు: "ఈసారి లేదండి. అడక్కండి." ఎన్నడూ హాస్యమాడకుండా ఉండని మనిషి అంత పొడిగా రాసేసరికి అందరికీ భయమేసింది. కంపెనీ మేనేజరు విచారణ జరిపించాడు. విచారణ ఒకే ప్రశ్న: ఆ రోజు డ్యూటీయా? సెలవు. అయితే ఖలాస్. జగ్గారావు దగ్గర బండి తాళం తీసేసుకుని గోదాములో బస్తాలు మోసే పనిలో వేశారు. ఆయన దాన్ని శిక్ష అనుకున్నాడు. చాలదని కూడా అనుకున్నాడు.

భూమేష్ భార్య భూలక్ష్మి ఊరినుంచి ఫోను చేసింది. గల్ఫ్‌లో ఏ దేశమైనా ఆవిడకు దుబాయే.

"దుబాయిల గాలికి గోడలు గిట్ల పడ్తయా అన్నా?"

"పడతాయమ్మా."

"మరి నువ్వు పక్కనే ఉన్నవట గద."

"ఉన్నానమ్మా," అన్నాడు జగ్గారావు. ఎంత పక్కన అన్నది చెప్పలేదు.

నరసాయమ్మకు కూడా సంగతి తెలిసి ఫోను చేసింది. వయసు మీదపడి ఆవిడకు చెవులు సరిగా వినబడవు; గాలి గురించి మాత్రం అన్నీ వినబడతాయి.

"గాలి తిరిగిందా అబ్బాయ్?"

"తిరిగిందమ్మా."

"నే చెప్పినట్టే చేశావా?"

"చేశానమ్మా."

ఆవిడ చెప్పింది గాలి సంగతి. గోడ సంగతి ఆవిడేం చెప్పలేదు. ఆ బడిగోడ పాతకాలంది, మూరెడు మందం. చెప్పాల్సిన అవసరం ఆవిడకు కలగలేదు. చెప్పాల్సినవాడు చెప్పాడు, అరచెయ్యి ఆనించి మరీ చెప్పాడు. ఈ లెక్క జగ్గారావు బస్తా ఎత్తినప్పుడల్లా చేస్తాడు. ప్రతిసారీ జవాబు ఒకటే వస్తుంది.

భూమేష్‌ను ఊరికి పంపే ముందు ఒక మధ్యాహ్నం జగ్గారావు ఆసుపత్రికి వెళ్లాడు. దుప్పటి ఒక వైపు చదునుగా ఉంది. అటు చూడకుండా కూర్చోవడానికి ఆయన కుర్చీని రెండుసార్లు జరిపాడు.

"అన్నా, గా వీడియో ఉన్నదా?"

"దేనికిలే తమ్ముడూ."

"ఎన్నిసార్లు నీ ఎంబడి వచ్చినా నేను సక్కగ సూసిందే లేదు. ఎప్పుడు నీ అంగి పట్టుకునుడే అయిపాయె. ఈసారి గోడకెనక ఉంటి. సూపియ్యి."

జగ్గారావు ఫోను ఇచ్చాడు. నల్లటి మబ్బు, కిందికి వేలాడే తొండం. భూమేష్ కళ్లార్పకుండా చూశాడు. "అన్నా" అన్న ఒక్క మాట గాలిలో సన్నగా వినబడింది. ఆ తరవాత చివరిదాకా గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

"మంచిగొచ్చిందన్నా," అన్నాడు భూమేష్. ఫోను తిరిగిస్తూ, ఏదో తప్పు సర్దుకుంటున్నట్టు చెప్పాడు. "మొదలు ఒక్కసారె పిలిచిన. నువ్వు చెయ్యి లేపినంక మల్ల నోరు తెరవలే. సూసినవ్ గద."

జగ్గారావు చూశాడు. ఎడమచేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు.

కిటికీ బయట ఎండ. పడమటి వైపు ఆకాశం కొంచెం మసకగా ఉంది. భూమేష్ అటు చూశాడు.

"మల్ల ఎన్నడొస్తదన్నా గాలి?"

"తెలీదు తమ్ముడూ."

"నీకు తెల్వకుంటె ఇంకెవలకు తెలుస్తదే," అన్నాడు భూమేష్, పూర్తి నమ్మకంతో.