చీమ దూరని కంచె

శృంగవరపుకోట దాటి కొండవైపు పోతే వచ్చే ఊళ్ళో కూర్మయ్య ఉంటాడు. అరెకరంలో స్ట్రాబెర్రీ వేసిన రోజు నుంచి ఆయన తల ఆ కొండకంటే జానెడు ఎత్తుకి లేచింది. అంతకుముందు చోళ్ళు, అదే రాగులు, పండించేవాడు. చోళ్ళు పండించేవాణ్ణి ఎవరు పలకరిస్తారు? ఇప్పుడు బస్సు కండక్టరు కూడా "స్ట్రాబెర్రీ కూర్మయ్యా, దిగు" అంటున్నాడు. ఆ పిలుపు వినడానికే కూర్మయ్య పనిలేకపోయినా బస్సెక్కుతున్నాడు.

స్ట్రాబెర్రీ మొక్క నేలమీద తీగ పాకించి, చివర పిలక వేస్తుంది. అలాంటిదొక్కటి ఇమ్మని తోడబుట్టిన అప్ప దేముడమ్మ అడిగింది. "ఊరంతా ఏసీసుకుంటే నా గొప్పేటుంటాది?" అని కూర్మయ్య చీమ దూరని కంచె కట్టించాడు.

చీమ దూరలేదు. ఊరు దూరింది. అడిగి తెచ్చిన మొక్క ఎండిపోతుందనీ, ఎత్తుకొచ్చిన మొక్కే ఏపుగా పెరుగుతుందనీ ఆ ఊరి నమ్మకం. కూర్మయ్య ఇవ్వననడం వాళ్ళకి వరమైంది.

మాఘమాసంలో ఆకులమీద నల్లమచ్చలు లేచాయి. ఉద్యానశాఖ ఆఫీసరు అర్చన వచ్చి, ఒక మొక్క మొదలు కోసి చూపించింది. లోపల తుప్పురంగులో కుళ్ళు.

"ఇది ఫంగస్. నీటితో, మట్టితో, పిలకతో పాకుతుంది. ఇకమీదట ఈ కంచె దాటి చెప్పుకంటిన మట్టి కూడా పోకూడదు. జబ్బు ఇక్కడే ఉంటే ఆ చాళ్ళు మాత్రం పీకి కాలుద్దాం. అదే పిలకలు ఊళ్ళోకి పోయుంటే, పైకి పచ్చగా ఉన్నా లోపల జబ్బుండొచ్చు; వాటితోపాటు తోటంతా తీసెయ్యాల్సిందే. ఎవరికైనా పిలకలు ఇచ్చారా?"

కూర్మయ్య గుండెమీద చెయ్యేసుకున్నాడు. "తోడబుట్టిందానికే ఇవ్వనేదమ్మా!"

ఆయన నోట నిజం రావడం ఊరికి కొత్త. అర్చన పాపం నమ్మేసి, తన బూట్లూ ఆయన కాళ్ళూ కంచె లోపలే కడిగించి, మంచినీళ్ళకి ఆయనతో పక్కనున్న దేముడమ్మ వాకిట్లోకి వెళ్ళింది. అక్కడ పాత పెయింటు డబ్బాలో స్ట్రాబెర్రీ నవనవలాడుతోంది.

"ఇదెక్కడిదమ్మా?"

"అడిగితే ఇచ్చినాడేటి మా తమ్ముడు? ఎత్తుకొచ్చీసినాను. అందుకే సూడు, ఎలాగున్నాదో!"

కూర్మయ్య తెగులు మరిచాడు, తోట మరిచాడు. "దొంగలమ్మా, దొంగలు! రండి, ఒక్కొక్కళ్ళనీ పట్టిస్తాను" అంటూ ముందు నడిచాడు. పక్కవీధి తాయారు ఇంట్లో మొక్క చిల్లుబిందెలో దొరికింది. ప్రెసిడెంటు పెరట్లో పగిలిన కమోడులో దొరికింది. పూజారిగారు ఏకంగా తులసికోటలోనే పెట్టి, రోజూ ప్రదక్షిణ చేస్తున్నారు. దొరికినప్పుడల్లా కూర్మయ్య మీసం మెలేశాడు.

దేముడమ్మ వెనకాలే పరిగెత్తింది. "ఒరే తమ్ముడా, నోరు మూసుకోరా! నీ తోటకేరా ఎసరు!"

"నువ్వు మాటాడకే దొంగమొగమా!"

ఊరి చివర అర్చన ఆగింది. "చాలు కూర్మయ్యగారూ. ఇక తోటంతా తీసెయ్యాలి."

మీసం మీద చెయ్యి అక్కడే ఉండిపోయింది.

మర్నాడు తోటని పీకి తగలబెట్టారు. ఊరంతా తమ డబ్బాలూ బిందెలూ తెచ్చి అదే మంటలో కుమ్మరించింది. రోడ్డుమీద బస్సాపి కండక్టరు అరిచాడు: "చోళ్ళ కూర్మయ్యా, ఏటా పొగ?"

అర్చనకి జాలేసింది. "దిగులుపడకండి. వచ్చే ఏడు మా నర్సరీలో పరీక్ష చేసిన మొక్కలు కొనుక్కోండి."

కూర్మయ్య ఆలోచించాడు. తను కొన్నవేమో కుళ్ళిపోయాయి. ఊరు ఎత్తుకొచ్చినవేమో మంటలో పడేదాకా పచ్చగానే ఉన్నాయి. దగ్గరకి జరిగి, గొంతు తగ్గించాడు.

"అమ్మా, మీ నర్సరీకి కావలెవరుంటారు? కుక్కలున్నాయేటి?"