నలభై గృహప్రవేశాల దూడ

ఈ ఏడాదిలో జూబ్లీహిల్స్‌లో ఎవరి గృహప్రవేశానికైనా వెళ్ళి ఉంటే మీరు దేవమ్మను చూసే ఉంటారు. చూసినా గుర్తుండదు లెండి. అందరూ ఆవుకు దండం పెడతారు, పలుపు పట్టుకున్న మనిషి ముఖం ఎవరు చూస్తారు!

రహమత్ నగర్‌లో ఎత్తు మీద ఇరుకు సందు. అందులో రేకుల కొట్టం. గౌరి అనే ఆవు, దాని కోడెదూడ, ఓ మూల దేవమ్మ మంచం. మొగుడు లక్ష్మయ్య ఈ కొండల మీద బండలు కొట్టే పనికి వచ్చి, ఆ దుమ్ము పీల్చీ పీల్చీ దగ్గుతో పోయాడు. ఆమె పాలమ్మి బతికింది. కొన్నాళ్ళకు పాలకన్నా గృహప్రవేశాలు నయమని తెలిసింది. కొత్తింట్లోకి మనుషులకన్నా ముందు ఆవూ దూడా అడుగుపెట్టాలి కదా. వెళ్ళినందుకు మూడు వేలు, ఒక చీర, స్వీటు డబ్బా.

నా పేరు శ్రీకృష్ణ. సినిమాల్లో మేకప్ మ్యాన్‌ని. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. యూసుఫ్‌గూడలో మూడో అంతస్తులో ఒక గది. మీసాలూ గడ్డాలూ అంటించి పొట్ట పోసుకుంటాను. నాకు పాలు పోసేది దేవమ్మే. నన్ను ‘కిష్ణా’ అనేది. నా నిర్వాకం కూడా ఇందులో ఉంది కాబట్టి మీకు చెబుతున్నాను. లేకపోతే ఎవరు చెప్పుకుంటారండీ ఇలాంటివి!

దూడను ఆమె ‘బుడ్డోడు’ అని పిలిచేది. ఈ బంగళాల మెట్లన్నీ నున్నటి పాలరాయి, పశువుల గిట్టలు జారతాయి. అందుకని ఓ చెక్కబల్ల, దానిమీద పరచడానికి ఓ గోనెపట్టా వెంట తీసుకెళ్ళేది. బుడ్డోడు పుట్టిన నెలకే సందులో ఆ బల్ల ఏటవాలుగా వేసి, పైన అరటిపండు పట్టుకుని నిలబడి, “రారా బుడ్డోడా, గడప ఎక్కు” అని నేర్పింది. ఒక్క దెబ్బ వెయ్యలేదు. బల్ల ఎక్కితే పండు, అంతే. బాజాలు మోగినా, నెత్తి మీద డ్రోన్ తిరిగినా వాడు బెదరకుండా బల్ల ఎక్కి లోపలికి పోయేవాడు. నలభై ఇళ్ళు ఎక్కాడు.

పద్నాలుగు నెలలు నిండేసరికి మూపురం లేచింది, కొమ్ములు మొలిచాయి. గౌరి మళ్ళీ ఈనింది, మళ్ళీ కోడెదూడే. కొట్టం అద్దెకిచ్చిన ఇంటాయన వచ్చి చిన్నదాన్ని ఉంచుకోమన్నాడు గానీ, పెద్దవాణ్ణి మంగళవారం లోపల తీసెయ్యమన్నాడు. పిల్లలు ఆడుకునే సందు, ఆయన్ని తప్పుపట్టలేం. కోడె పాలివ్వదు, దాన్ని కట్టి దున్నడానికి ఫిల్మ్‌నగర్‌లో పొలాలూ లేవు. అమ్మక తప్పదు.

“రైతుకే ఇస్త కిష్ణా,” అంది దేవమ్మ. “నాగలికి కట్టుకుంటే కట్టుకోని, దినాం గింత గడ్డేస్తడు, కొట్టంల ఉంచుకుంటడు. లారీలోల్లకు మాత్రం ఇయ్య. సచ్చినా ఇయ్య.”

లారీవాళ్ళు అంగడిలో, అంటే పశువుల సంతలో, మిగిలినవాటిని టోకున కొని ఎక్కించుకుపోతారు. అవి ఎక్కడ దిగుతాయో ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు.

ఇక నా ఘనకార్యం. అంగడికి పన్నెండు రోజుల ముందు బుడ్డోడికి ఆఖరి గృహప్రవేశం. షూటింగుకు పోతూ, మేకప్ పెట్టెతో సహా నేనూ అక్కడ ఆగాను. ఆ వేడుక ఏర్పాట్లు చూసే భువన అనే ఈవెంట్ మేనేజర్‌కు ఫోటోల కోసం దూడ నొసట రాళ్ళు పొదిగిన బంగారు రంగు బొట్టు ఉండాలట. వెంట్రుకల మీద అది నిలవడం లేదు. “పదిహేను వందలిస్తాను, ఏదో ఒకటి చెయ్యండి సార్,” అంది నా పెట్టె చూసి. దేవమ్మ అవతల గౌరికి గజ్జెలు కడుతోంది. నేను రేజరు తీసి నడినొసట రూపాయి బిళ్ళంత మేర గొరిగి, మీసాలంటించే గమ్ము రాసి బొట్టు అతికించాను. భలే కుదిరిందని నాలో నేనే మురిసిపోయాను కూడా. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

దేవమ్మ వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది.

“సుడి మీద కత్తి పెట్టినవా కిష్ణా! అంగడిల ముందుగాల చూసేదే గది!”

“వెంట్రుకలే కదమ్మా, మొలుస్తాయిలే,” అన్నాను. నా నోరు పడిపోను.

పశువు నుదుటి మీద వెంట్రుకలు తిరిగే తీరే సుడి. చెడ్డ సుడి ఉన్న పశువు ఇంటికి అరిష్టమని రైతుల నమ్మకం. అలాంటి సుడిని గొరిగేసి అమ్మే మోసగాళ్ళు ప్రతి అంగడిలోనూ ఉంటారట. బుడ్డోడిది మంచి సుడి. ఆ సంగతి ఇప్పుడు మాకు తప్ప ఎవరికీ తెలియదు. పన్నెండు రోజుల్లో నూగు మొలిచింది, అంతే.

మంగళవారం తెల్లారుతూనే ట్రాలీ ఆటో మాట్లాడుకుని చేవెళ్ళ దాటి అంగడికి పోయాం. రానూపోనూ మూడు వేలు. ఉండబట్టలేక నేనూ వెళ్ళాను.

తిరుమలేశ్ అనే కుర్ర రైతు వచ్చాడు. ఇంట్లో ఒక కోడె ఉందట, దానికి జోడు కావాలి. బుడ్డోడి పళ్ళు చూశాడు, నడిపించి చూశాడు, వీపు నిమిరాడు. మా దళారి, అతనూ తువ్వాల కింద చేతులు కలిపారు. అక్కడ ధర నోటితో చెప్పరు, వేళ్ళు పట్టి చెబుతారు. పద్దెనిమిది వేలు అని దళారి దేవమ్మ చెవిలో వేశాడు. ఆమె ముఖం వెలిగిపోయింది. “మంచిగ చూస్కో బిడ్డా, వీనికి అరటిపండంటే పానం,” అని అప్పుడే అప్పగింతలు మొదలుపెట్టింది.

తిరుమలేశ్ చెయ్యి నొసటి మీదికి వచ్చి ఆగింది.

“గీడ ఎందుకు గొరిగిన్రు?”

దేవమ్మకు అబద్ధం చెప్పడం రాదు. “జూబ్లీహిల్స్‌ల పెద్దోల్లు బంగారు బొట్టు అంటిపిచ్చిన్రు బిడ్డా.”

“దూడకు బంగారు బొట్టా?” అతను నవ్వాడు. “నేను పిచ్చోన్ని లెక్క కనవడ్తున్ననా అవ్వా?”

నేను ముందుకు దూకాను. “ఆవిడ చెప్పింది నిజమండీ. గొరిగింది నేనే. నేను మేకప్ మ్యాన్‌ని.”

అంతే. చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వారు. “అరే, దూడను అమ్మనీకి మేకప్ మ్యాన్‌ను తెచ్చుకున్నరు రో!” ఫోన్‌లో ఫోటో చూపించాను. బొట్టు ఉంది గానీ, దాని కింద సుడి ఎలా కనిపిస్తుంది? “సినిమోల్లు ఏదన్న చూపిస్తరు,” అని తిరుమలేశ్ తువ్వాల దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ కబురు క్షణాల మీద అంగడంతా పాకింది. మధ్యాహ్నం మూడింటి దాకా మరో రైతు మా దగ్గరికి రాలేదు.

వచ్చినవాడు లారీ మనిషి. సుడి చూడలేదు, పళ్ళు చూడలేదు. తొడ నొక్కి చూసి ఏడున్నర వేలన్నాడు.

“వద్దమ్మా, వెనక్కి తీసుకుపోదాం,” అన్నాను.

“తీస్కపొయ్యి యాడ కడ్దాం? నీ మూడో అంతస్తులనా?”

దేవమ్మ చాలాసేపు బుడ్డోడి గంగడోలు నిమురుతూ కూర్చుంది. చివరికి లేచి తలూపింది. ఆటోకు, దళారికి, అంగడి రశీదుకు పోగా మిగిలింది మూడు వేల తొమ్మిది వందలు. పద్నాలుగు నెలల తవుడూ గడ్డీ ఎవరూ లెక్క వెయ్యలేదు.

అమ్మేవాళ్ళు పలుపు ఇవ్వరు, అది ఆనవాయితీ. దేవమ్మ దాన్ని విప్పి చుట్టుకుంది. లారీకి వెనక ఏటవాలుగా బల్ల వేసి ఉంది, జారకుండా దానిమీద గోనెపట్టా. ముందున్న ఎడ్లు ఎక్కనంటే ఎక్కనని తన్నుకుంటుంటే, తోకలు మెలిపెట్టి కొట్టి ఎక్కిస్తున్నారు. బుడ్డోడికి కొత్త తాడు తేవడానికి ఒకడు పోయాడు.

తాడు అక్కర్లేకపోయింది. బుడ్డోడు ఆ బల్లను చూశాడు. తనంతట తానే నడుచుకుంటూ వెళ్ళి, తడబడకుండా ఎక్కేశాడు. పైకెక్కి వెనక్కి తిరిగి, దేవమ్మ వైపు చూస్తూ పండు కోసం నాలుక చాపాడు.

“వారెవ్వా, గిసొంటిది ముందల ఒక్కటుంటే చాలు, కడమయన్ని ఎన్కనే ఎక్కుతయి!” అన్నాడు లారీ మనిషి.

దేవమ్మ కొంగు తడుముకుంది. పండు లేదు. దుకాణానికి పరుగెత్తి కొనుక్కొచ్చేసరికి తలుపు బిగించేశారు. దారంతా ఆ అరటిపళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మర్నాడు పాలు పొయ్యడానికి రాలేదు. నేనే గిన్నె పట్టుకుని వెళ్ళాను. సందులో బల్ల వేసి ఉంది. ఇరవై రోజుల కొత్త దూడ దాని దగ్గరికి వచ్చినప్పుడల్లా దేవమ్మ బరిగెతో కొడుతోంది, ఏడుస్తూ కొడుతోంది.

“ఇదేంటమ్మా! బల్ల ఎక్కకపోతే గృహప్రవేశాలు ఎలా?”

“పోతే పోనియ్,” అంది. “బల్లను చూస్తే వీడు దూరం ఉరకాలె కిష్ణా. ఉరకాలె.”

మళ్ళీ బరిగె ఎత్తింది.