పేరు గడికి పెట్టిన టిక్కు

పోయిన సంవత్సరం వానాకాలం. అనంతగిరి కొండల్లో పసిపిల్లల ఇళ్లకు నర్సులు వెళ్లే కార్యక్రమానికి డేటాబేస్ మోడల్ గీసి, అదెలా పనిచేస్తుందో చూడ్డానికి వెళ్లాను. నేను డేటా మోడలర్‌ని. మా పనిలో అబ్‌స్ట్రాక్ట్ డేటా టైప్ అని ఒకటుంటుంది. ఇంటిపేరు, పేరు లాంటి గడులను ఒక మూసగా కట్టి, దాన్నే అన్ని పట్టికల్లో వాడుకుంటాం. ప్రతి గడికీ ప్రాపర్టీలు ఉంటాయి: ఎన్ని అక్షరాలు పట్టాలి, ఖాళీగా వదిలితే ఒప్పుకోవాలా వద్దా. తప్పక నింపాల్సిన గడి అయితే మ్యాండేటరీ అని టిక్కు పెడతాం. పేరు గడికి కళ్లు మూసుకుని పెట్టేశాను. పేరు లేని మనుషులుంటారా అని నా ధీమా!

ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు నూకరత్నం గారు ట్యాబ్ నా చేతిలో పెట్టారు. పక్కన సుక్రమ్మ, ఆమె ఒడిలో పదిరోజుల పాప. పాప బాగా తక్కువ బరువుతో పుట్టింది. మర్నాటి నుంచి నూకరత్నం గారికి వారం రోజులు ట్రైనింగ్. బదులు వచ్చే నర్సు ట్యాబ్‌లో ఉన్న ఇళ్లకే వెళ్తుంది. ఈ పాప వివరాలేమో సేవ్ కావడం లేదు.

"పేరు కొట్టండి సిస్టర్," అన్నాను.

"పేరెక్కడిదమ్మా? ముహూర్తాలు సూసే వీళ్ల పూజారి, దిసారి, మంచిరోజు సూసి పెట్టాలి. అందాకా వీళ్లు ఏ పేరుతోనూ పిలవరు."

"ఏదో ఒకటి కొట్టేయండి, తర్వాత మారుద్దాం."

ఆవిడకు చిర్రెత్తుకొచ్చింది. "మీ మెషీను కోసం మనం పేరెట్టేత్తామేటి? అందరికీ పాప, పాప అని కొట్టేత్తే ఎవరి పాపో కొత్తగా వచ్చినామెకెలా తెలుస్తాది?"

నాకూ రోషం వచ్చింది. టిక్కు తీసేస్తే అదే మూస వాడిన తల్లుల పట్టికలోనూ పేర్లు ఖాళీగా వదిలేస్తారని వాదించాను. సుక్రమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మెల్లగా అడిగింది.

"పేరు నేకపోతే నా గుంటను సూడ్డానికి రారా అమ్మా?"

సిగ్గేసింది. లాప్‌టాప్ తెరిచి పసిపిల్లలకు వేరే మూస కట్టాను. తల్లి పేరు, పుట్టిన తేదీ మ్యాండేటరీ. పిల్ల పేరుకు టిక్కు లేదు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి, దాన్ని ట్యాబ్‌లోకి పంపేసరికి సాయంత్రమైంది. ఈసారి సేవ్ అయింది.

మూడో రోజు బదులు నర్సు వెళ్లేసరికి పాప పాలు తాగడం మానేసిందట, ఒళ్లు చల్లబడిందట. తల్లి గుండెలకు హత్తుకుని ఉండగానే జీపులో ఆసుపత్రికి తీసుకెళ్లారు. బతికింది, బంగారుతల్లి!

నెల తర్వాత నూకరత్నం గారి ఫోన్‌లో సుక్రమ్మ గొంతు. "అమ్మా, పేరెట్టినాం. లచ్చిమి. రాసుకో."

నాకు ఏడుపొచ్చేసింది. పేరు పెట్టాలంటే ముందు పిల్ల బతకాలి కదా! ఆ టిక్కు పెట్టేముందు ఆ కొండల్లో ఒక్క తల్లిని అడిగినా చెప్పేది. నేను అడగలేదు.