పేరు చెప్పని ప్రార్థన

సాయంత్రం పాప బడిసంచిలోంచి తీసిచ్చిన కాగితం ఇంకా సంతకం లేకుండా నా ముందే ఉంది. బడికి వారానికోసారి కౌన్సెలర్ వస్తుందట, పిల్లలు ఆమెతో విడిగా మాట్లాడవచ్చట, మాట్లాడినది తల్లిదండ్రులకు కూడా చెప్పరట. ఏడో తరగతి పిల్లకు నాకు చెప్పుకోలేనిదేముంటుందని మనసు చివుక్కుమంది. నెల రోజులుగా సరిగా తినదు, అడిగితే ఏమీ లేదంటుంది. అడిగి అడిగి నేనే అలిసిపోయాను.

కడపలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేటప్పుడు నాదీ ఇదే వరస. రెండు పేపర్లు తప్పాక తిండి సయించేది కాదు, నిద్ర పట్టేది కాదు. వేంపల్లె దగ్గర మా ఊరికి వెళ్ళినప్పుడు, అమ్మతో అనలేక, మా చర్చి పాస్టరమ్మ దగ్గర ఏడ్చి చెప్పుకున్నాను. ఎవరికీ చెప్పనని ఆమె నా తల నిమిరింది. ఆ ఆదివారం ప్రార్థన విన్నపాలు చదువుతుంటే, ఎవరిదో మోకాళ్ళ నొప్పికీ ఇంకెవరిదో ఎండిన బోరుకీ మధ్య, నా పేరూ, తప్పిన పేపర్లూ, పట్టని నిద్రా మైకులో వినిపించాయి. ఆమె లెక్కలో అది దేవుడికి విన్నవించడమే తప్ప ఒకరికి చెప్పడం కాదు. పక్కన అమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. బయటికి రాగానే ఒక అవ్వ నా గడ్డం పట్టుకుని, "శానా సదివితే బుర్ర యేడెక్కుతాది మే, ఆముదం పెట్టుకో" అంది.

నెలల తర్వాత, కాలేజీ లైబ్రరీ పక్క గదిలో కూర్చునే కౌన్సెలర్ మేడంతో నేనన్న మొదటి మాట, నా కోసం ప్రార్థన చేయొద్దని. ఆమె నవ్వలేదు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయమంటే వేయలేదు. ఇక్కడి మాట ఇక్కడే ఉంటుందని, ఎవరి ప్రాణానికైనా ముప్పనిపిస్తే మాత్రం దాచలేనని, అప్పుడైనా ఎవరికి చెప్పబోతున్నానో ముందు నీకే చెప్తానని నింపాదిగా అంది. ఎందుకో ఆ ఒట్టు వేయని మనిషి మీదే నమ్మకం కుదిరింది. సలహాలేమీ ఇవ్వలేదు, నేను మౌనంగా ఉంటే తానూ ఉండేది. ఐదారుసార్లు వెళ్ళాక మెల్లగా నిద్ర పట్టసాగింది.

ఇందాక అమ్మ ఫోన్ చేసి, పాప పేరు ఆదివారం చదివిస్తానంది. వద్దన్నాను.

"పేరు చెప్పకుంటే దేవునికెట్ల తెలుస్తాదే?"

"ఆయనకు తెలుస్తాదిలేమ్మా, ఊరికి తెలీకుంటే చాలు."

అమ్మ ఫోన్ పెట్టేసింది. ఆ ఆదివారం పరువు పోయిందనే అమ్మ ముఖం దాచుకుందని ఇన్నేళ్ళూ అనుకున్నాను. కన్నకూతురి బాధ మైకులో, అందరితో పాటు వినాల్సి వచ్చినందుకేమోనని ఈ కాగితం చూశాకే తట్టింది.

సంతకం పెట్టేశాను. నా కూతురి బాధ నాకు మైకులో కూడా వినిపించదు. రేపు క్యారియర్లో తనకిష్టమైన చిత్రాన్నం కడతాను. సాయంత్రం ఏమీ అడగను, మూత తీసి ఎంత మిగిల్చిందో చూసుకుంటాను.